చలిజ్వరం జాడ: గాలి నుంచి కణం అంచు దాకా



ఈనాటి ప్రసంగం చలిజ్వరం గురించి. ఆసుపత్రి చీటీ మీద మలేరియా అని రాస్తారు. ఊళ్ళో మనం చలిజ్వరం అంటాం. ఏజెన్సీ ప్రాంతాల వాళ్ళు మన్యం జ్వరం అంటారు. పేరు ఏదైనా రోగం ఒకటే. మొదట వణుకు, ఎన్ని దుప్పట్లు కప్పినా తగ్గని చలి. తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ పైన చెమటలు పట్టి జ్వరం దిగిపోతుంది. మనిషి లేచి కూర్చుని, హమ్మయ్య అనుకుంటాడు. ఒకరోజు గడిచాక మళ్ళీ అదే వణుకు. ఇలా నెలల తరబడి బాధపడిన పిల్లల పొట్ట తడిమి చూసి, ఎడమ డొక్క కింద గట్టిగా తగిలితే, కడుపులో బల్ల పెరిగిందనేవారు మన పెద్దలు. ఆ బల్ల వాచిన ప్లీహమే.

ఈ జ్వరానికి ఏ మందు వాడాలి, దోమతెర ఎలా కట్టుకోవాలి అన్న విషయాలు మీరు రేడియోలో చాలాసార్లు విని ఉంటారు. ఇవాళ ఇదే కథను మరో వైపు నుంచి మనవి చేస్తాను. మలేరియా చరిత్రను పరిశీలిస్తే, ఆ చరిత్ర అంతా ఒక చిన్న ప్రశ్న చుట్టూ తిరిగినట్లు కనిపిస్తుంది. ఆ ప్రశ్న ‘ఎక్కడ?’ అన్నది. ఈ రోగం ఎక్కడ ఉంది? గాలిలోనా, నీటిలోనా, నెత్తురులోనా, దోమలోనా? దోమలో ఉంటే ఏ భాగంలో? మనిషిలో ఉంటే ఏ అవయవంలో? చివరికి ఆ క్రిమి శరీరంలోనే ఫలానా పని చేసే పదార్థం ఏ మూల నిలబడి ఉంది? ఈ ప్రశ్నకు ఒక్కొక్క జవాబు దొరికినప్పుడల్లా మన చేతికి ఒక్కొక్క ఆయుధం వచ్చింది. జవాబు తప్పయినప్పుడు శ్రమ వృథా అయింది, ప్రాణాలు పోయాయి.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. రాయచూరు రెండు నదుల నడుమ ఉన్న సీమ. పైన కృష్ణ, కింద తుంగభద్ర. ఈ అంతర్వేది కోసం రాజులు శతాబ్దాల పాటు కొట్లాడుకున్నారు. 1948 దాకా మన జిల్లా నిజాము ఏలుబడిలో ఉండేది. 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆ తర్వాత మైసూరు రాష్ట్రంలో, అంటే నేటి కర్ణాటకలో కలిసింది. కాబట్టి సికింద్రాబాదులో 1897లో జరిగిన సంఘటన గురించి చెప్పుకుంటే, అది మనకు పరాయి చోటి కథ కాదు. ఆ రోజుల్లో రాయచూరు, సికింద్రాబాదు ఒకే రాజ్యంలో ఉన్న ఊళ్ళు.

ఇక అసలు కథ. మలేరియా అనే మాట ఇటలీ భాష నుంచి వచ్చింది. దాని అర్థం చెడుగాలి. బురద నేలల నుంచి, మురిగిన నీటి నుంచి లేచే విషవాయువు వల్ల ఈ జ్వరం వస్తుందని యూరపు వైద్యులు చాలా కాలం నమ్మారు. నీళ్ళు నిలిచే చోట జ్వరం ఎక్కువన్న గమనిక సరైనదే. అయితే ఆ గమనిక నుంచి తీసిన నిర్ణయం తప్పు. గాలి చెడ్డదనుకున్నవాడు రాత్రిపూట కిటికీ మూసుకుని పడుకుంటాడు. దోమలు కొన్ని బయటే ఆగిపోతాయి, కొంత మేలు జరుగుతుంది. కానీ ఎందుకు మేలు జరిగిందో అతనికి తెలియదు. తెలియని మేలు ఎంతో కాలం నిలవదు గదా.

గాలిలో వెతకడం మాని నెత్తురులో వెతికినవాడు ఆల్ఫోన్స్ లావెరాన్. ఈయన ఫ్రెంచి సైనిక వైద్యుడు. 1880 నవంబరు 6న, అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ పట్టణంలో, జ్వరపడిన ఒక సైనికుడి నెత్తురును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంటే ప్రాణమున్న జీవులు కదులుతూ కనిపించాయి. మలేరియా రోగుల నెత్తురులో నల్లని రంగు పొడి ఉంటుందని అంతకు ముందే వైద్యులకు తెలుసు. ఆ నలుపు ఈ జీవుల లోపలిదే అని లావెరాన్ పట్టుకున్నాడు. ఈ నల్లని పొడిని మీరు గుర్తు పెట్టుకోండి. కథలో ఇది మళ్ళీ రెండుసార్లు వస్తుంది.

సరే, క్రిమి నెత్తురులో ఉంది. మరి ఒకరి నెత్తురులోంచి ఇంకొకరి నెత్తురులోకి ఎలా పోతోంది? దోమ ద్వారా కావచ్చునని లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఊహించాడు. ఆ ఊహను రుజువు చేసే పనికి పూనుకున్నది రోనాల్డ్ రాస్. 1857లో అల్మోడాలో పుట్టిన రాస్, ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యాధికారి. 1895 నుంచి సికింద్రాబాదు దండులోని పటాలంలో ఉంటూ, బేగంపేటలో తన పరిశోధన సాగించాడు.

రెండేళ్ళ పాటు ఆయన చేసిన పని ఏమిటంటే, దోమలకు మలేరియా రోగుల నెత్తురు తాగించడం, ఆ దోమలను కోసి చూడడం. వందల కొద్దీ దోమలను కోసినా ఏమీ దొరకలేదు. కారణం ఏమిటంటే, ఆయన చాలా కాలం కోసినవి మలేరియాను మోసే జాతి దోమలే కావు. 1897 ఆగస్టులో ఆయన దగ్గరకు రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు వచ్చాయి. ఈ రకాన్నే మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటాం. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని ఈ దోమల చేత కుట్టించారు. ఒక్కో దోమకాటుకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. ప్రపంచ వైద్య చరిత్రలో హుసేన్ ఖాన్ పేరు అలా మిగిలిపోయింది.

ఆగస్టు 20వ తేదీ. దక్కను ఉక్కపోత. పంకా వేస్తే కోసి పెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా కూడా ఆపించారు. నుదుటి చెమట, చేతి చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. నాలుగు రోజుల కిందట నెత్తురు తాగిన దోమను కోసి, దాని పొట్టగోడను అంగుళం అంగుళం వెతికినట్టు వెతికాడు రాస్. ఆ గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని పొడి ఉంది. లావెరాన్ మనిషి నెత్తురులో చూసిన నలుపే అది. మర్నాడు మిగిలిన దోమను కోసి చూస్తే, అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. ఒక రోజులో పెరిగాయంటే అవి ప్రాణమున్నవి అన్నమాట. మనిషి నెత్తురులోని క్రిమి దోమ పొట్టగోడలో పెరుగుతోందని ఆ రెండు రోజుల్లో తేలిపోయింది.

ఆ తర్వాత కొద్ది వారాలకే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరాక, మనుషుల మలేరియాకు బదులు పక్షుల మలేరియాను పట్టుకుని పని కొనసాగించాడు. పొట్టగోడలో పెరిగిన క్రిములు పగిలి, దోమ ఒంట్లో పాకి, లాలాజల గ్రంథులలోకి చేరుతున్నాయని ఆ ఏడాది జూలైలో కనిపెట్టాడు. దోమ కుట్టినప్పుడు ముందుగా లాలాజలం వదులుతుంది. దానితో పాటే క్రిమి మన ఒంట్లోకి దిగుతుంది. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనిషి మలేరియాకు అనాఫిలిస్ దోమే వాహకమని నిరూపించారు. రాస్‌కు 1902లోను, లావెరాన్‌కు 1907లోను నోబెల్ బహుమతి లభించింది. రాస్ పని చేసిన బేగంపేట భవనం తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి అధీనంలో ఆయన పేరిట పరిశోధన సంస్థ అయింది.

ఇంకొక ‘ఎక్కడ’ మిగిలిపోయింది. దోమ కుట్టిన నాటి నుంచి జ్వరం వచ్చే నాటి దాకా వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ రోజుల్లో నెత్తురులో వెతికితే క్రిమి కనపడదు. మరి ఎక్కడ దాగుతోంది? 1948లో షార్ట్, గార్న్‌హామ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోతులలో పరీక్షించి, కాలేయంలో అని చెప్పారు. కాలేయంలో పెరిగి, వేల సంఖ్యలో పిల్లలై, అప్పుడు నెత్తురులోకి వస్తోంది. మలేరియాలో వైవాక్స్ అనే రకం కాలేయంలోనే నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుందని తర్వాత తెలిసింది. వైవాక్స్ రోగికి జ్వరం తగ్గిన తర్వాత కూడా 14 రోజులు ప్రైమాక్విన్ మాత్రలు మింగమని ఇందుకే చెబుతారు. నెత్తురులోని క్రిమిని ఒక మందు చంపుతుంది, కాలేయంలోని క్రిమిని మరో మందు చంపుతుంది. జ్వరం పోయిందని ఆ రెండో మందును మధ్యలో మానేసినవాళ్ళకు జ్వరం తిరగబెడుతుంది.

ఇప్పుడు మళ్ళీ మన జిల్లాకు వద్దాం. 1953లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. తుంగభద్ర ఆనకట్ట పూర్తయి నీళ్ళు వదిలారు. అదే ఏడాది దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఎడమగట్టు కాలువ రెండు వందల కిలోమీటర్లకు పైగా సాగి, గంగావతి, సింధనూరు, మాన్వి వైపు నల్లరేగడి నేలలను తడిపింది. జొన్న, పత్తి పండిన చోట వరి మడులు వచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఈనాటికీ ఆ ఊళ్ళ పేర్ల చివర క్యాంపు అనే మాట ఉంది. గంగావతి ప్రాంతం 1997లో కొప్పళ జిల్లాలోకి పోయినా, కాలువ మాత్రం ఒక్కటే.

నీళ్ళు అన్నం పెట్టాయి, సందేహం లేదు. అయితే కాలువ నుంచి ఊరే ఊట, పిల్లకాలువల్లో నిలిచిన నీరు, కోత తర్వాత మడిలో మిగిలిన నీళ్ళ గుంటలు, ఇవన్నీ క్యులిసిఫేసిస్ అనే అనాఫిలిస్ దోమకు పుట్టిళ్ళు. దక్కను మైదానాల పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసేది ఈ దోమే. పట్నంలో బావులు, మూతలేని నీళ్ళ తొట్లు స్టీఫెన్సీ అనే మరో రకానికి పుట్టిళ్ళు.

క్యులిసిఫేసిస్ దోమ నెత్తురు తాగిన తర్వాత బరువెక్కి, ఇంటి గోడ మీదనో పశువుల కొట్టంలోనో వాలి విశ్రాంతి తీసుకుంటుంది. ఆ దోమ ఎక్కడ వాలుతుందో తెలిసింది కాబట్టే గోడలకు డి.డి.టి. కొట్టే పద్ధతి వచ్చింది. నడివయసు దాటిన శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. మందు పంపులు భుజాన వేసుకుని వచ్చేవారు. సామాను బయట పెట్టించి, గోడల మీద తెల్లని చారలు పడేటట్టు కొట్టి పోయేవారు. కొందరు ఇల్లాళ్ళు ఆ చారలు చూడలేక మర్నాడే గోడలు అలికేసేవారు. అలికితే మందు పేడ కిందనో సున్నం కిందనో పడిపోతుంది. దోమ వాలేది పైపూత మీద గదా! మందు ఇంట్లోనే ఉంది, కానీ ఉండవలసిన చోట లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన నాళ్ళలో దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మంది మలేరియా బారిన పడేవారని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. ఈ పిచికారీ వల్ల 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు దిగాయి. రోగం పోయిందనుకున్నారు. పట్టు సడలింది. దోమలు డి.డి.టి.కి అలవాటు పడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలకు పైబడ్డాయి.

దోమతో పాటు క్రిమి కూడా మందుకు అలవాటు పడడం మొదలుపెట్టింది. మలేరియాలో ఫాల్సిపారం అనే రకం ప్రాణం తీసేది. అది మెదడుకు ఎక్కితే గంటల్లో మనిషి స్పృహ తప్పుతాడు. ఈ ఫాల్సిపారం క్లోరోక్విన్ మాత్రకు లొంగడం లేదని మన దేశంలో మొదటిసారి 1973లో అస్సాంలోని కర్బీ అంగ్లాంగ్‌లో గమనించారు. ఇక్కడి నుంచి ‘ఎక్కడ’ అన్న ప్రశ్న క్రిమి లోపలికి పోయింది.

ఇప్పుడు ఆ నల్లని పొడిని మళ్ళీ తలచుకోండి. క్రిమి ఎర్ర రక్తకణంలో దూరి, ఆ కణంలోని హీమోగ్లోబిన్‌ను తిని బతుకుతుంది. క్రిమి ఒంట్లో ఇందుకు ఒక చిన్న సంచి ఉంది. అది దాని జీర్ణకోశం అనుకోండి. హీమోగ్లోబిన్ అరిగాక ఇనుముతో కూడిన హీమ్ అనే విషపదార్థం మిగులుతుంది. క్రిమి దాన్ని గట్టి స్ఫటికాలుగా మార్చి ఆ సంచిలో పోగు చేస్తుంది. లావెరాన్, రాస్ చూసిన నలుపు అదే. క్లోరోక్విన్ ఆ సంచిలోకి పోయి, విషం స్ఫటికం కాకుండా అడ్డుపడుతుంది. తన తిండి విషమై క్రిమి చస్తుంది. మందుకు లొంగని క్రిమిలో ఆ సంచి పొర మీద ఉండే ఒక ప్రోటీన్ రూపు మారి, మందును సంచిలోంచి బయటికి తోసేస్తోందని 2000 సంవత్సరం తర్వాత పరిశోధనలు తేల్చాయి. మందు మారలేదు, సంచి మారలేదు. సంచి గడప దగ్గర కూర్చున్న ఒక ప్రోటీన్ మారింది.

క్రిమిని ఇంత దగ్గరగా పరిశీలించడానికి దాన్ని ప్రయోగశాలలో పెంచగలగాలి. మనిషి నెత్తురుతో సీసాలో ఫాల్సిపారంను ఎడతెగకుండా పెంచే పద్ధతిని అమెరికాలో ట్రేగర్, జెన్సన్ అనేవారు 1976లో సాధించారు. మన దేశంలో కేసులు 64 లక్షలు దాటిన ఏడాదే అది. 2002లో ఆ క్రిమి జన్యుపటం మొత్తం చదివారు. 14 క్రోమోజోములు, సుమారు 5,300 జన్యువులు ఉన్నట్లు తేలింది.

శ్రోతలారా, ఇప్పుడు మన ప్రసంగంలో అన్నిటికన్నా లోతైన చోటికి వచ్చాం. క్రిమి ఎర్ర కణంలో 48 గంటలు పెరిగి, 16 నుంచి 32 దాకా పిల్లలై, కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కణాలు ఒక్కసారిగా పగిలే వేళే మనకు వణుకు పుడుతుంది. బయటపడిన ఒక్కో పిల్ల క్రిమి, మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒకటిన్నర భాగం పొడవుంటుంది. అది ఒకటి రెండు నిమిషాల్లో మరో ఎర్ర కణంలోకి దూరిపోవాలి. ఆలస్యమైతే మన ఒంటి రక్షణ దళానికి చిక్కుతుంది. ఇప్పుడు బయటపడు, ఇప్పుడు అంటుకో, ఇప్పుడు లోపలికి దూరు అని దానికి ఎవరు చెబుతున్నారు? కళ్ళు లేవు, మెదడు లేదు. ఒకే ఒక కణం అది.

చెప్పేవి సంకేత ప్రోటీన్‌లు. వీటి పని అర్థం కావాలంటే మన కాలువనే చూడండి. పైన ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలారన్న కబురు వస్తుంది. కాలువ మీద లస్కర్ ఆ కబురు అందుకుని తన తూము తలుపు ఎత్తుతాడు. కబురు ఒకటే. కానీ ప్రధాన కాలువ తల దగ్గర ఉన్న లస్కర్ తలుపెత్తితే వంద ఊళ్ళకు నీళ్ళు పోతాయి. చివరి పిల్లకాలువ మీద ఉన్న లస్కర్ ఎత్తితే నాలుగు మడులు తడుస్తాయి. కాబట్టి లస్కర్ ఏం చేస్తాడని అడిగేముందు, ఎక్కడ ఉన్నాడని అడగాలి.

క్రిమిలో ఆ కబురు తరచుగా కాల్షియం రూపంలో వస్తుంది. కణంలో కాల్షియం పెరగగానే కొన్ని ప్రోటీన్‌లు మేలుకుని, పక్కనున్న ఇతర ప్రోటీన్‌లకు ఫాస్ఫేటు ముద్ర వేస్తాయి. ముద్ర పడ్డవి పనిలోకి దిగుతాయి. ఇలా కాల్షియంతో మేలుకునే ముద్రగాళ్ళలో ఒకదాని పేరు సి.డి.పి.కె.-1. దాని జన్యువును ఫాల్సిపారంలో 1993లో వర్ణించారు. ఇందులో మన రైతులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్‌లు వరిలో, పత్తిలో, అన్ని మొక్కల్లో ఉన్నాయి. మనిషిలో మాత్రం లేవు. మనలో లేనిదాన్ని దెబ్బ కొడితే మనకు హాని తక్కువ ఉంటుందని శాస్త్రజ్ఞుల ఆశ.

మరి ఈ లస్కర్ ఎక్కడున్నాడు? వెతికే పద్ధతి ఇలా ఉంటుంది. ఆ ప్రోటీన్‌ను మాత్రమే గుర్తుపట్టి అంటుకునే ప్రతిరక్షకాలను తయారు చేసి, వాటికి వెలిగే రంగు కడతారు. లేదా, జెల్లీ చేప నుంచి తీసిన ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌ను దానికి తోకలాగా అతికిస్తారు. సూక్ష్మదర్శిని కింద ఎక్కడ వెలిగితే అక్కడ ఉన్నట్టు. వినడానికి సులువే. చూడడం కష్టం. పిల్ల క్రిమి ఒంటి చుట్టూ ఒక పొర, దాని కింద మరో పొర ఉంటాయి. వాటి మధ్య ఎడం మామూలు కాంతి సూక్ష్మదర్శినికి ఆననంత తక్కువ.

2004లో ఒక యూరపు బృందం, ఈ ప్రోటీన్ క్రిమికీ రక్తకణానికీ మధ్య ఉండే బుడగలోకి, అంటే క్రిమి ఒంటి బయటికి, చేరుతోందని ప్రకటించింది. దాని తల దగ్గర కొవ్వు అతికే గుర్తులు ఉన్నాయని, వాటి సాయంతోనే అది పొరలకు పట్టుకుని ఉంటుందని కూడా చూపింది. 2008లో లండనులోని మిల్ హిల్ జాతీయ వైద్య పరిశోధన సంస్థ బృందం, పిల్ల క్రిమి ఒంటి అంచున, పైపొరకు లోపలి వైపున ఉందని చెప్పింది. ఆ అంచునే క్రిమిని ముందుకు నడిపే యంత్రం లాంటి ప్రోటీన్ల గుంపు ఉంది. సి.డి.పి.కె.-1 ఆ యంత్రంలోని భాగాలకు ముద్ర వేయగలదని వారు చూపారు. ఇది ఉత్త చోటు తగాదా అనుకోకండి. బుడగలో ఉంటే దాని పని ఒకటి. నడకయంత్రం పక్కన ఉంటే దాని పని వేరు. తర్వాతి పరిశోధనలు చాలావరకు ఈ అంచు వైపే మొగ్గాయి.

2013లో కొత్త ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్, జీవసాంకేతిక కేంద్రం శాస్త్రజ్ఞులు మరో మెట్టు ఎక్కారు. పిల్ల క్రిమి ముక్కు దగ్గర చిన్న చిన్న సంచులు ఉంటాయి. రక్తకణానికి అంటుకునేందుకు కావలసిన పదార్థాలు వాటిలో ఉంటాయి. సి.డి.పి.కె.-1 పనిని అడ్డుకుంటే ఆ సంచులు సరిగా ఖాళీ కావడం లేదని, క్రిమి రక్తకణంలోకి దూరలేకపోతోందని వారు చూపారు.

ఇక మందు దొరికినట్టే అనిపిస్తుంది గదా. కానీ క్రిమి అంత తేలికగా లొంగదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, ఈ ప్రోటీన్ అసలే లేని ఫాల్సిపారం క్రిమిని తయారు చేశారు. అది నీరసంగానైనా ఎర్ర కణాల్లో బతికింది. ఒక లస్కర్ సెలవు పెడితే పక్క తూము లస్కర్ ఎలాగో సర్దుకున్నట్టు. అయితే 2018లో వారే ప్రకటించిన మరో సంగతి ఉంది. ఆ క్రిమి ఉన్న నెత్తురును దోమలకు తాగిస్తే, దోమ కడుపులో దాని ఆడ, మగ బీజాలు తయారు కాలేదు. దోమకు రోగం అంటలేదు. అంటే, 1897లో రాస్ దోమ పొట్టగోడలో చూసిన నల్లపొడి కణాలు ఏర్పడాలంటే ఈ సంకేత ప్రోటీన్ ఉండి తీరాలి. 120 ఏళ్ళ తర్వాత వెతుకులాట మళ్ళీ ఆ దోమ పొట్ట దగ్గరికే వచ్చి నిలబడింది.

దీనివల్ల మనకేం లాభం అని మీరు అడగవచ్చు. ఈ ప్రోటీన్‌ను అడ్డుకునే మందు ఇంకా ఆసుపత్రికి రాలేదు. వస్తుందని ఇప్పుడే మాట ఇవ్వలేం. కానీ ఇంత తెలిశాక మందు వెతికేవారి ఆలోచన మారింది. రోగి జ్వరం తగ్గిస్తే చాలదు, రోగి నుంచి దోమకు క్రిమి పోకుండా కూడా ఆపాలి. ఫాల్సిపారం రోగికి ఆర్టిమిసినిన్ కూడిన మందులతో పాటు ఒక మోతాదు ప్రైమాక్విన్ ఇచ్చేది ఇందుకోసమే. ఆ మోతాదు రోగి ఇంటివాళ్ళకు, ఇరుగుపొరుగుకు రక్షణ. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు కాబట్టి, ఏ మందైనా వైద్యుడు చెప్పినట్టే వాడాలి.

దేశంలో 2015లో 11 లక్షల 69 వేల మలేరియా కేసులు నమోదైతే, 2023లో 2 లక్షల 27 వేలు నమోదయ్యాయి. 2030 నాటికి మలేరియా లేని దేశం కావాలన్నది ప్రభుత్వ లక్ష్యం. కేసులు తగ్గినకొద్దీ మిగిలినవాటిని పట్టుకోవడమే కష్టం. మన జిల్లా నుంచి కూలి పనులకు బెంగళూరు, మంగళూరు, గోవా వైపు వెళ్ళేవారు ఎందరో. కట్టడాల దగ్గర నీళ్ళ తొట్ల పక్కనే గుడారాల్లో నిద్రిస్తారు. పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు వారితో పాటు క్రిమి కూడా రైలెక్కి రావచ్చు. ఊళ్ళో దోమ ఎటూ ఉంది, కాలువ ఎటూ ఉంది. ఆ ఒక్కరి నెత్తురు చాలు, జ్వరం మళ్ళీ ఊరంతా పాకడానికి.

అందువల్ల శ్రోతలకు నా మనవి ఇది. చలితో జ్వరం వస్తే, అదే పోతుందిలే అని రెండో వణుకు దాకా ఆగకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి కొన నుంచి ఒక బొట్టు నెత్తురు తీసి ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆశా కార్యకర్త దగ్గర కూడా పరీక్ష కిట్టు ఉంటుంది. జ్వరం తగ్గినా చెప్పినన్ని రోజులు మాత్రలు మింగండి. ఇంటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త, ఈ నెల రోజుల్లో మీరు ఎక్కడెక్కడ ఉన్నారని అడిగితే విసుక్కోకండి. లావెరాన్ అడిగింది ఆ ప్రశ్నే. రాస్ అడిగింది ఆ ప్రశ్నే. ఢిల్లీ ప్రయోగశాలలో పిల్ల క్రిమి అంచున వెలుగు కోసం వెతికినవారు అడిగిందీ అదే. మీరు చెప్పే సరైన జవాబు వల్ల మీ వీధిలో ఇంకొక ఇంటికి జ్వరం పోకుండా ఆగవచ్చు.